గంపలో పిడికెడు

2041 మార్చి 9, శనివారం. ఆ మధ్యాహ్నం మేము తిన్నది రాగిముద్ద, ఎర్ర చిక్కుడు గింజల కూర, ఉల్లిపాయ వేసి వేయించిన తోటకూర. అనంతపురం వదిలాక అంత మెత్తటి సంగటి తినడం అదే మొదలు. తేదీ గుర్తుండిపోవడానికి కారణం మాత్రం వేరు. చేతులు కడుక్కున్న గంటలోపే, ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ చేయని తప్పొకటి చేశాను.

ఆ ఊరు మధ్య ఆఫ్రికాలో ఒక కొండ. దాన్ని రుతోంగా అని పిలుస్తాను. అసలు పేరు రాయవద్దని అక్కడివాళ్లు కోరారు. వాలు పొడవునా అరటి తోటలు, తోటకొక ఇల్లు, పైన ఒక చర్చి. ఇరవై ఏడేళ్ల కిందట ఒక వానాకాలంలో ఆ దేశంలో ఒక తెగవాళ్లను ఒక్కరిని కూడా మిగల్చవద్దని రేడియోలో చెప్పారు. పక్కింటివాళ్లే కత్తులు తీశారు. ఎదురు కొండ మీద నీలిటోపీల అంతర్జాతీయ సైనికులు ఉండేవారట. బైనాక్యులర్లతో చూశారు, లెక్క రాసుకున్నారు, పైనుంచి ఆజ్ఞ రాకపోవడంతో లారీలెక్కి వెళ్లిపోయారు. రుతోంగాలో నాలుగు వందల పన్నెండు మంది ఎక్కడ పూడ్చబడ్డారో తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పలేదు.

ఆనాడు లారీలెక్కి వెళ్లిన దేశాలే తర్వాత కలిసి ఒక సత్యశోధన సంఘాన్ని పెట్టాయి. ఆ సంఘం అడిగితే మా ప్రయోగశాల ఒక రాగి వంగడాన్ని తయారు చేసింది. పదమూడు కిలోల విత్తనాన్ని నీలి సంచుల్లో పెట్టుకుని నేను ఆ కొండ ఎక్కాను.

నాకు బస వెనెరాంద ఇంట్లో ఇచ్చారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. పెద్దావిడలను అక్కడ 'మామా' అంటారు, పెద్దాయనలను 'ముజే' అంటారు. మొదటి సాయంత్రం వీధి తలుపు వేయబోయాను.

"వెయ్యకు ముజే," అంది.

"చలిగా ఉంది మామా."

"ఇంకో దుప్పటి ఇస్తా. తలుపు మాత్రం వెయ్యకు. మా ఇంట్లో ముగ్గురు ఇంకా రాలేదు."

ఆ ముగ్గురు ఆమె భర్త అనాతోల్, తొమ్మిదేళ్ల ఫిదేల్, ఐదేళ్ల బెనీ. ఆ వానాకాలంలో ఒక రోజు ఆమె జ్వరంతో ఉన్న చెల్లెల్ని చూడడానికి అవతలి కొండకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అప్పటినుంచి ఆ తలుపుకు ఒక నున్నటి రాయి ఆనించి ఉంటుంది. రాయి కూర్చునే చోట మట్టినేల గిన్నెలా గుంటపడింది.

నాలుగోరోజు తెల్లవారి లేచేసరికి పక్కింటి మేక నా సాక్సు నములుతోంది.

"మేకకు కూడా తలుపు తీసే ఉంచుతావా మామా?"

"మేక కనీసం వస్తుంది కదా," అంది. ముందు తనే నవ్వింది. నేనూ నవ్వొచ్చని అప్పుడు తెలిసింది.

ఆ మేక సిలిద్యోది. పై వాలులో అతని ఇల్లు. అరవై దాటినవాడు, మాట తక్కువ. వెనెరాంద కప్పు కారితే అతనే గడ్డి కప్పేవాడు. కట్టెలు అతనే కొట్టిచ్చేవాడు. రోజూ సాయంత్రం డబ్బాడు పాలు తెచ్చి గడప మీద పెట్టి, పిలవకుండా వెళ్లిపోయేవాడు. ఎదురుపడిన రోజున ఆమె ఊరుకునేది కాదు.

"ఇవాళ నీళ్లెక్కువయ్యాయేం సిలిద్యో?"

"ఆవునే అడగాలి మామా."

మా విత్తనం సంగతి చెప్పాలంటే నా భార్య వకుళ గురించి చెప్పాలి. మనిషి మట్టిలో కలిసేటప్పుడు ఒంట్లోని కొవ్వు ఒక రకం మైనపు ఆమ్లంగా మారి దశాబ్దాలపాటు నేలలో ఉండిపోతుంది. రాగి వేరుకు అది తగిలితే పైన కంకి ఎర్రబడేట్టు చేశాం. గొడ్డు కొవ్వుకు ఎర్రబడకుండా చేయడానికే ఐదేళ్లు పట్టింది. కుండీల్లో బాగానే పనిచేసింది. నిజమైన నేలలో చూడాలి. ఎవరి సమాధి మీద విత్తుతాం? ఎవరిని అడుగుతాం?

వకుళను మా చేనిగట్టు పక్కనే పూడ్చాం. మా ఇళ్లలో అదే అలవాటు. అప్పటికి నాలుగేళ్లయింది. నేనే మూడు సాళ్లు వేశాను. మూడో నెలలో మధ్య సాలులో సరిగ్గా ఆమె పొడవున కంకులు కుంకుమ రంగుకు తిరిగాయి. గట్టు మీద కూర్చున్నాను. మా ప్రయోగశాలలో నా తర్వాతి శాస్త్రవేత్త షమీమ్ నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. చూసింది. ఏమీ రాయకుండా టిఫిన్ డబ్బా తెరిచి సగం నాకు పెట్టింది. ఆ పంటను కాల్చేయాలని నియమం. కాల్చేశాం. రెండు గుప్పిళ్లు మాత్రం దాచి, ఒక్కడినే సంగటి వండుకుని తిన్నాను. రుచిలో ఏ తేడా లేదు.

రుతోంగాలో సంఘం నియమాలు ఇంకా గట్టివి. సంఘం గుర్తుపెట్టిన పదకొండు మళ్లలోనే విత్తాలి. ఎక్కడ ఎర్రబడితే అక్కడ తాడు కట్టి, తవ్వి, ఎముకలను అంకెలు వేసిన పెట్టెల్లో రాజధానికి పంపాలి. ఆ నేల ఎవరిదైతే వాళ్లను పట్టుకెళతారు. విచారణ ముగిసేదాకా, అంటే నాలుగైదేళ్లు, ఎముకలు రాజధానిలోనే. మా చేతి నుంచి విత్తనం గుర్తు పెట్టని చోటికి చేరితే ఆ పంటలో వచ్చిన ఫలితాలేవీ చెల్లవు. ఈ సంగతులన్నీ నా సహాయకురాలు క్లోతిల్ద్ చర్చి దగ్గర సభ పెట్టి అందరికీ వివరంగా చెప్పింది. ఆ దేశపు పిల్లే, వ్యవసాయశాస్త్రం చదువుకుంది. మరుసటి ఏడాది ఆమె తల్లి పుట్టిన కొండ వంతు. అక్కడ దొరకనివాళ్లలో ఆమె తాతయ్య ఉన్నాడు.

ఇక గంప. ఆ కొండ మీద విత్తడానికి ముందు ప్రతి ఇంటి ఆడవాళ్లు తమ రాగులు తెచ్చి ఒకే పెద్ద గంపలో పోస్తారు. చేతులు పెట్టి కలుపుతారు. ఎవరెంత పోశారో అంత తిరిగి తీసుకుంటారు. ఒకరి విత్తనం పుచ్చినా ఆ ఏడు ఎవరి చేనూ పూర్తిగా బీడు పోదు. ఊచకోత తర్వాత అది ఆగిపోయింది. తొమ్మిదేళ్లు పోయాక వెనెరాంద గంప తీసుకెళ్లి చర్చి ముందు పెట్టి, తన రాగులు పోసి, పక్కన కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. చివరికి వచ్చింది మగవాడు, సిలిద్యో. తన రాగులు పోసి పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఆ కొండ మీద శాంతి ఎలా వచ్చిందన్న దానిపై సంఘం దగ్గర మూడు సంపుటాలున్నాయి. వాటిలో గంప లేదు.

ఆ శనివారం భోజనం చేసి లేచి, నీలి సంచులతో చర్చి పక్కనుంచి వెళుతున్నాను. ఆడవాళ్లు గంప చుట్టూ ఉన్నారు.

"ముజే, నీ విత్తనమేదీ?" అంది ఒకావిడ.

"ఇది తినేది కాదమ్మా."

"మా మట్టిలోనే కదా వేస్తావు? గంపలో పడనిది మా మట్టిలో పడదు."

"పెళ్లికొచ్చి అన్నం తినకుండా పోయే రకంలా ఉన్నాడే!" అంది ఇంకొకావిడ. అందరూ నవ్వారు.

"ప్రొఫెసర్, వద్దు," అంది క్లోతిల్ద్ మెల్లగా. "నియమం."

వెనెరాంద గంపను నా వైపు జానెడు జరిపింది.

పిడికెడు వేశాను. పిడికెడు రాగుల్లో ఇరవై వేల గింజలుంటాయని అక్కడ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. అయినా వేశాను. గోడకు ఆనుకుని నిలబడ్డ సిలిద్యో నా చేతి వంకే చూడడం గమనించాను కానీ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం షమీమ్‌కు ఫోన్ చేశాను.

"ఏం సార్, మీరేనా చేసింది? పిల్లోళ్లు సాంపిల్ డబ్బీకి మూత సరిగ్గా పెట్టకపోతే ల్యాబంతా దద్దరిల్లేలా అరుస్తారే!"

"పిడికెడే షమీమ్."

"పిడికెడే అంట! సంఘమోళ్లకు చెప్పినారా?"

"ఇంకా లేదు."

"చెప్పల్ల సార్. ఆ పెద్దావిడ గంప జరిపిందంటే వేయకుండా ఎట్లుంటారులే. అయినా చెప్పల్ల."

చెప్పలేదు. ఇవాళ, రేపు అంటూ మూడు నెలలు గడిపాను.

జూన్‌లో కంకులు వచ్చాయి. సంఘం గుర్తుపెట్టిన పదకొండు మళ్లలో ఒక్క కంకీ ఎర్రబడలేదు. రాజధానిలో కూర్చుని పటం మీద గీసిన గుర్తులు అవి. పద్నాలుగో తేదీ పొద్దున క్లోతిల్ద్ వాలు దిగి పరుగెత్తుకొచ్చింది.

"ప్రొఫెసర్, సిలిద్యో చేను."

అతని ఇంటి వెనక అరటి చెట్ల అవతల ఒక మూల ఉంది. మామూలు రాగి మధ్యలో అక్కడొకటి అక్కడొకటిగా ఎర్ర కంకులు, పదిహేడు. వేరేచోట ఒక్కటీ లేదు. కళ్లతో కలుపుకుంటే మూడు పొడవులు తెలుస్తున్నాయి. నడిమిది పొట్టిది. చుట్టూ మేకలు రాకుండా కొత్తగా ముళ్లకంచె వేసి ఉంది. కంచె పక్కనే మోకాళ్లు పట్టుకుని సిలిద్యో కూర్చున్నాడు.

"వచ్చావా ముజే," అన్నాడు. "పది రోజులుగా చూస్తున్నాను."

"పీకేసి ఉండొచ్చు కదా?" నా నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"పీకడానికి వేయలేదు. ఈ మూల ఇరవై ఏడేళ్లుగా దున్నలేదు. ఆ రోజు గంపలో నీ చేయి చూశాను. అందులోంచి నా వంతు తెచ్చి ఇక్కడే చల్లాను. నా నోటితో కాలేదు. ఇవైనా చెబుతాయని."

మిగతాది కూడా చెప్పాడు. గుంపును నడిపింది అతని అన్న. సిలిద్యో కత్తి పట్టలేదు, కానీ గుంపులో ఉన్నాడు. అనాతోల్, పిల్లలు ఏ దారిన పారిపోయారని అన్న అడిగితే చేయెత్తి చూపించాడు. మరునాడు ఒక్కడే వెళ్లి ముగ్గురినీ మోసుకొచ్చి, కుక్కలు రాకుండా తన నేలలో పూడ్చాడు. అన్న బతికున్నంతకాలం భయంతో చెప్పలేదు. అన్న పోయేసరికి గంపలో సిలిద్యో విత్తనం, వెనెరాంద గడప మీద అతని పాలు చేరి ఏళ్లయింది. ప్రతి ఏడూ ఆ మాట ఇంకాస్త బరువెక్కింది.

"నేను పిలుస్తాను," అని క్లోతిల్ద్ వెళ్లింది.

వెనెరాంద కర్ర పట్టుకుని, ఆగి ఆగి వాలెక్కింది. కంచె దగ్గర నిలబడింది. ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. క్లోతిల్ద్ పెట్టిన సభలో ఆమె ముందు వరసలోనే కూర్చుని అంతా విన్నది.

"చిన్నోడెక్కడ?" అంది.

సిలిద్యో చూపించాడు.

"మధ్యలోనా?"

"మధ్యలోనే. ఒకపక్క నాన్న, ఒకపక్క అన్న."

కంచె మీదుగా వంగి ఆ పొట్టి వరసను చూసింది. తర్వాత, "ఏమైనా కప్పావా?"

"నా దుప్పటి. అదొక్కటే ఉండేది."

"వాడికి చలెక్కువ," అంది. అతని వైపు తిరిగింది. "నా గంపలో ఇన్నేళ్లు విత్తనం పోశావు. నా గడప మీద పాలు పెట్టావు. ఈ మాట ఒక్కటి పెట్టలేకపోయావా?"

"పెడితే పాలు తీసుకోవేమోనని, మామా."

"తీసుకోను," అంది ఆమె. "ఇవాళ తీసుకోను. రేపటి సంగతి నాకు తెలియదు."

ఆ సాయంత్రం డబ్బా గడప మీదే ఉండిపోయింది. మరుసటి సాయంత్రమూ అంతే. పొద్దున్నే సిలిద్యో వచ్చి పారబోసి, సాయంత్రం మళ్లీ తాజా పాలు పెట్టేవాడు.

సంఘం అధికారి రావడానికి పదిరోజులుంది. నేను నోరు మూసుకుంటే, పక్షులో వానో మోసుకొచ్చిన గింజలనుకుని ఆ కంకులను సాక్ష్యంగా తీసుకుంటారు. సిలిద్యో రాజధానికి వెళతాడు, ముగ్గురూ అంకెల పెట్టెల్లోకి వెళతారు. "ఇంకో ఐదేళ్లు నేనుంటానా ముజే?" అని అడిగింది వెనెరాంద. మామూలుగా, వానొస్తుందా అన్నట్టు అడిగింది. పిడికెడు సంగతి చెబితే ఫలితాలు చెల్లవు. అప్పుడది ఊరివాళ్లే తీర్పు చెప్పుకునే కొండసభ చూసుకునే విషయం అవుతుంది, ముగ్గురూ కొండ మీదే ఉంటారు. కానీ మొత్తం పని ఆపేస్తారు. వేరే కొండల మీద ఎదురుచూసేవాళ్లంతా ఇంకా ఎదురుచూడాలి. తొమ్మిదేళ్ల మా పని పక్కన పడుతుంది.

క్లోతిల్ద్‌కు చెప్పాను.

"అంటే మా అమ్మ ఆగాలి," అంది.

"అవును."

"ఆ రోజు వద్దన్నాను."

"అన్నావు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు కంప్యూటర్ తెచ్చి నా ముందు కూర్చుంది. "చెప్పండి, నేను టైపు చేస్తాను. మీరు రాస్తే క్షమాపణలే నాలుగు పేజీలుంటాయి." ఒక పేజీలో ముగించింది. ఆ పేజీలో వంకలు లేవు.

అధికారి పేరు హెన్రిక్. ఉత్తరాది దేశపు మనిషి, పొడుగు, మర్యాదస్తుడు. పదకొండు మళ్లూ చూసి నిట్టూర్చాడు. అప్పటికే సంగతి కొండంతటికీ తెలుసు కాబట్టి, సిలిద్యో చేనికి కూడా తీసుకెళ్లాం. వెనెరాంద అక్కడే పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మా, వాళ్లను జాగ్రత్తగా తీసుకెళతాం," అన్నాడు హెన్రిక్. క్లోతిల్ద్ తర్జుమా చేసింది.

"అప్పుడు మీవాళ్లు లెక్క రాసుకుని వెళ్లారు," అంది వెనెరాంద. "ఇప్పుడు లెక్క రాసుకుని, పిల్లల్ని కూడా పట్టుకెళతారా?"

క్లోతిల్ద్ టైపు చేసిన కాగితం నేను హెన్రిక్‌కు ఇచ్చాను. నిలబడే చదివాడు, రెండోసారి కూర్చుని చదివాడు.

"దీనితో ఏమవుతుందో మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఇది నిజమేనా? లేక ఈమె కోసం రాశారా?"

"నిజమే. మార్చిలోనే చెప్పాల్సింది."

కలం తీసి, 'విత్తనం కలిసిపోయింది, ఫలితాలు చెల్లవు' అని అడుగున రాసి సంతకం చేశాడు. తాడు కట్ట విప్పకుండానే జీపులో పడేసి, టీ దొరుకుతుందా అని అడిగాడు.

పని రెండేళ్లు ఆపేశారు. నా పేరు తీసేసి షమీమ్‌కు అప్పగించారు. అది సరైనదే. క్లోతిల్ద్ వాళ్ల అమ్మకు నేనే ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రావాలని కూడా అనుకోలేదు.

కొండసభ చర్చి ముందు గడ్డిలో జరిగింది. సిలిద్యో లేచి, వెనెరాంద వైపు చూసి మొత్తం చెప్పాడు, చేయెత్తి చూపించిన సంగతితో సహా. ఇకపై సభలో అతనికి చోటు లేదన్నారు. మిగతావాళ్లను వెతికే పనిలో, ఒంట్లో శక్తి ఉన్నంతకాలం, పార పట్టాలన్నారు. సరేనన్నాడు. అతను కూర్చోకముందే వెనక వరసలో ఒక ముసలాయన లేచి, "మా బావి పక్కన కూడా ఉన్నారు," అన్నాడు. ఆ తర్వాత ఒక స్త్రీ లేచింది. సాయంత్రానికి తొమ్మిది చోట్లు చెప్పారు. ఏ కంకీ ఎర్రబడకుండానే చెప్పారు. అక్కడ కూర్చుని వింటుంటే నా తొమ్మిదేళ్ల పని మీద దిగులు కాస్త తగ్గిన మాట నిజం.

జూలై 20న అనాతోల్‌ను, ఫిదేల్‌ను, బెనీని వెనెరాంద ఇంటి వెనక, జామచెట్టు దగ్గర పూడ్చారు. హెన్రిక్ సెలవు పెట్టుకుని వచ్చాడు. చొక్కా చేతులు మడిచి, సిలిద్యో పక్కనే మట్టి తవ్వాడు. వెనెరాంద కొత్త దుప్పట్లు మూడు తెచ్చింది. చిన్నవాడికి మాత్రం రెండు కప్పమంది. ఒకటి తక్కువైంది. నేను చలికి కప్పుకున్న ఆ అదనపు దుప్పటి తెచ్చి ఇచ్చాను.

ఎర్ర కంకులను నేనే కోసి, నియమం ప్రకారం కాల్చాను. ఈసారి ఒక్క గింజా దాచుకోలేదు. కాలుతుంటే, వకుళ సంగతి నా నోటనే విన్న వెనెరాంద పక్కన నిలబడింది.

"మీ ఆవిడ కంకులూ ఇదే రంగా?"

"ఇదే రంగు మామా."

"మంచి రంగు," అంది.

అది అక్కడ నా చివరి సాయంత్రం. రాగిముద్ద, చిక్కుడు కూర తిన్నాం. కొండ మీద పొయ్యిల పొగలు అణిగాయి. గడప మీద పాల డబ్బా ఎప్పటిలాగే ఉంది. వెనెరాంద వంగి దాన్ని లోపలికి తెచ్చింది. మూత తీసి చూసి, "నీళ్లే," అని గొణిగి, పొయ్యి మీద పెట్టింది.

తర్వాత తలుపు దగ్గరికి వెళ్లి, రాయిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టింది. తలుపు కదల్లేదు. లేవబోయాను. వద్దని చేయి ఊపింది.

"ముజే, మేక బయటే ఉందా?"

"బయటే ఉంది."

భుజం ఆనించి, కిర్రుమనకుండా, లోపల పిల్లలు పడుకుని ఉన్నప్పుడు వేసినట్టు, మెల్లగా తలుపు వేసింది.